పాత యుద్ధం ఫోటోలో ఆ బుల్లి విమానం ఏదో పట్టుకోవడం ఎలా

రెండో ప్రపంచ యుద్ధం ఫోటోల్లో ఏ పొలంలోనో, చెట్టు పక్కన, నెత్తిమీద రెక్క పెట్టుకుని ఒక బుల్లి విమానం కనిపిస్తుంటుంది కదా, అవే లైజాన్ విమానాలు. ఉత్తరాలు, ఆఫీసర్లను చేరవేయడం, గాయపడినవాళ్లను తీసుకురావడం, ఫిరంగి గుండ్లు ఎక్కడ పడుతున్నాయో పైనుంచి చూసి రేడియోలో చెప్పడం వీటి పని. ఏ రకమో తేల్చాలంటే ముందు దాని మీద వేసిన గుర్తులు చూడకండి. దొరికిన శత్రు విమానానికి తమ గుర్తులు వేసుకుని వాడుకోవడం మామూలే, బ్రిటిష్ జనరల్ మాంట్‌గోమరీ కూడా అలా పట్టుకున్న జర్మన్ విమానం వాడాడు.

ముక్కు దగ్గర మొదలుపెట్టండి. బుల్లెట్ బండి ఇంజన్‌లాగా పొరలు పొరలుగా ఉన్న సిలిండర్లు అటు రెండు, ఇటు రెండు బయటికి పొడుచుకొచ్చి ఉంటే చాలావరకు అది అమెరికన్ల పైపర్ ఎల్-4, 65 హార్స్‌పవర్. (ఎల్-3 అనే మరో అమెరికన్ విమానం ముక్కూ ఇలాంటిదే, కాబట్టి పందెం కాయకండి.) ఫోటో క్లియర్‌గా ఉంటే ముందు అద్దం దగ్గర జూమ్ చేయండి, ట్యాంకు మూతలోంచి సన్నటి తీగ ఒకటి నిలబడి ఉంటుంది. దాని కింది కొసకు బెండు ఉంటుంది, అది పెట్రోల్ మీద తేలుతూ, పెట్రోల్ తగ్గేకొద్దీ తీగను కిందికి దించుతుంది. ఫ్యూయల్ గేజ్ అంటే అంతే! యుద్ధానికి వెళ్లే విమానంలో! ముందు సీటు ఖాళీగా కనిపించినా కంగారు పడకండి, ఒక్కడే వెళ్తే పైలట్ వెనకే కూర్చుంటాడు.

సిలిండర్లు మూసేసి ఉంటే లోపల కూర్చున్నవాళ్ల తలలు చూడండి. ఒకరి వెనక ఒకరు కూర్చుంటే స్టిన్సన్ ఎల్-5 కావచ్చు, బర్మాలో గాయపడినవాళ్లను మోసింది ఇదే. పక్కపక్కన కూర్చుంటే బ్రిటిష్ ఆస్టర్. 1947-48 కశ్మీర్ యుద్ధంలో మనవాళ్లూ ఆస్టర్లు వాడారు.

ఇక కాళ్లు, అంటే చక్రాలు బిగించిన కమ్మీలు. గాల్లో ఉన్నప్పుడు పొడుగ్గా కిందికి వేలాడే కాళ్లు, బయటికి ఉబ్బిన గాజు కేబిన్ ఉంటే జర్మన్ ఫీస్లర్ ష్టోర్ష్. Storch అన్న స్పెల్లింగ్ చూసి స్టార్చ్ అని చదివేస్తారు, గంజి కాదండీ, జర్మన్‌లో ఆ పేరుకు అర్థం కొంగ. 1943 సెప్టెంబర్‌లో ఇటలీలోని గ్రాన్ సాసో కొండ మీంచి, అక్కడ బందీగా ఉన్న ఇటలీ నియంత ముసోలినీని ఎక్కించుకుని దిగింది ఇదే. చక్రాలకు పెద్ద తొడుగులుండి, రెక్క మొదట్లో సన్నబడి మధ్యలో వెడల్పయితే బ్రిటిష్ లైసాండర్. 1942లో బర్మాలో మన ఎయిర్‌ఫోర్స్ నంబర్ 1 స్క్వాడ్రన్ మజుందార్ నాయకత్వంలో వీటిని నడిపింది. ఎడమవైపు నిచ్చెన బిగించి ఉంటే మాత్రం రాత్రిపూట ఫ్రాన్స్‌లో గూఢచారుల్ని దించి తెచ్చే బండి అన్నమాట.

చాలామంది బోల్తా పడేది చివరి దాని దగ్గర: ఒళ్లంతా ష్టోర్షే, ముక్కు మాత్రం గుండ్రంగా రేడియల్ ఇంజన్‌తో (సిలిండర్లు చక్రం ఆకుల్లా చుట్టూ అమర్చిన ఇంజన్) ఉంటుంది. అది చాలావరకు ఫ్రెంచివాళ్లు యుద్ధం తర్వాత చేసుకున్న మొరేన్ ఎంఎస్ 502. జర్మన్ రంగులు వేసి ఉన్నా సరే.