ఇంగ్లీషులో ప్రెజెంటేషన్ ఇచ్చేటప్పుడు ఎక్కడ ఏం అనాలి

మన తిరుపతిలో బీటెక్, ఎంబీఏ, పీజీ పిల్లోళ్లను ఎవరినైనా అడగండి, ప్రాజెక్ట్ గురించి తెలుగులో అయితే గడగడా చెప్పేస్తారు, అదే స్లైడ్లు పెట్టి ఇంగ్లీషులో చెప్పమంటే నోరు పెగలదు. నేను గమనించిందేమంటే పాయింట్ చెప్పేటప్పుడు పెద్ద ఇబ్బంది ఉండదు, ఎట్లో నెట్టుకొచ్చేస్తారు. ఒక పాయింట్ అయిపోయి ఇంకోదానికి పోయేటప్పుడే తడబడతారు, అక్కడ ఏమనాలో తోచక సో, సో, యాక్చువల్లీ, బేసికల్లీ అంటా ఉండిపోతారు. వినేవాళ్లకు కూడా మనం ఎక్కడున్నామో అర్థం కాదు. తిరుమల ఘాట్ రోడ్డులో మలుపు రాకముందే బోర్డు కనిపించినట్టు, మన మాట ఎటు తిరగబోతుందో ముందే చెప్పేస్తే చాలు. దానికి కావాల్సిన వాక్యాలు నిజంగా కొన్నే, అవి నోటికి వచ్చేసుంటే మిగతాది మీ సబ్జెక్టే చూసుకుంటుంది.

మొదలుపెట్టేది ఇట్లా. "గుడ్ మార్నింగ్ ఎవ్రీవన్, ఐ యామ్" అని మీ పేరు చెప్పండి. చాలామంది "మైసెల్ఫ్" అని పేరు చెప్తారు, అది మానేయండి. తర్వాత "టుడే ఐ యామ్ గోయింగ్ టు టాక్ అబౌట్" అని టాపిక్ చెప్పండి. ఇక్కడే "డిస్కస్ అబౌట్" అంటారు, డిస్కస్ పక్కన అబౌట్ రాదు, టాక్ పక్కనైతే వస్తుంది.

ఆ వెంటనే దారి చెప్పాలి, దీన్ని మాత్రం వదలొద్దు. మీ టాపిక్ శ్రీకాళహస్తి కలంకారీ అనుకుందాం. "ఐ విల్ స్టార్ట్ విత్ హౌ ది క్లాత్ ఈజ్ ప్రిపేర్డ్, దెన్ ఐ విల్ ఎక్స్‌ప్లెయిన్ ది కలర్స్, అండ్ ఫైనల్లీ ఐ విల్ టాక్ అబౌట్ ది మార్కెట్." ఈ ఒక్క వాక్యంతో వినేవాళ్లు మూడు భాగాలకి రెడీ అయిపోతారు. మధ్యలో ప్రశ్నలొస్తే కంగారుపడే రకం అయితే "ఐ విల్ టేక్ క్వశ్చన్స్ ఎట్ ది ఎండ్" అని ముందే చెప్పేయండి, అందులో తప్పేం లేదు.

ఇప్పుడు ఒక పని ఎట్లా జరుగుతుందో వరసగా చెప్పాలంటే కలంకారీ కంటే మంచి ఉదాహరణ నాకు తోచడంలేదు. నూలు గుడ్డని కరక్కాయ కలిపిన పాలల్లో నానబెట్టి ఎండబెడతారు, ఆ పాలల్లో ఉండే కొవ్వు వల్ల రంగు పక్కకి పాకదు. వెదురు కలంతో నల్లగీత గీస్తారు, ఆ నలుపు తుప్పు ఇనుము, బెల్లం కలిపి పులియబెడితే వచ్చేది. కరక్కాయ, ఇనుము కలిసి గుడ్డ మీద నలుపు పట్టుకుంటుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, తర్వాత రంగు నీళ్లలో ఉడకబెట్టి, పారే నీళ్లలో జాడిస్తారు. ఇదంతా చెప్పడానికి పెద్ద ఇంగ్లీషేం అక్కర్లేదు: "ఫస్ట్, ది క్లాత్ ఈజ్ సోక్డ్ ఇన్ మిల్క్ అండ్ మైరోబలన్. వన్స్ ఇట్ ఈజ్ డ్రై, ది అవుట్‌లైన్ ఈజ్ డ్రాన్ విత్ ఎ బాంబూ పెన్. ఆఫ్టర్ దట్, ఆలమ్ ఈజ్ అప్లైడ్ వేర్ రెడ్ ఈజ్ నీడెడ్." ఎందుకు అనేది చెప్పేటప్పుడు "ది రీజన్ ఈజ్ దట్ ది మిల్క్ కీప్స్ ది కలర్ ఫ్రమ్ స్ప్రెడింగ్". ఉదాహరణగా ఒక కలంకారీ కళాకారుడి గురించి చెప్పాలంటే "ఎ గుడ్ ఎగ్జాంపుల్ ఈజ్ జొన్నలగడ్డ గురప్ప చెట్టి, హూ రిసీవ్డ్ ది పద్మశ్రీ ఇన్ 2008". చూడండి, వాక్యాలన్నీ పొట్టిపొట్టివే, అట్లా ఉంటేనే మధ్యలో ఊపిరి తీసుకోడానికి కూడా వీలవుతుంది.

ఒక భాగం అయిపోతే "దట్ వాజ్ అబౌట్ ది క్లాత్, నౌ లెట్స్ మూవ్ ఆన్ టు ది కలర్స్" అని ముందు చెప్పండి, ఆ తర్వాతే స్లైడ్ మార్చండి. మనవాళ్లు స్లైడ్ మార్చేసి దాన్ని చదవడం మొదలుపెడతారు, హాల్లో ఉన్నోళ్లు కూడా చదువుకుంటా ఉంటారు, ఇంక మిమ్మల్ని ఎవరు వింటారు.

గ్రాఫ్ దగ్గరికొస్తే ముందు అది దేని గురించో చెప్పాలి: "దిస్ గ్రాఫ్ షోస్ ది ప్రైస్ ఆఫ్ తోతాపురి మ్యాంగోస్", తర్వాత "ది హారిజాంటల్ యాక్సిస్ షోస్ ది మంత్స్, ది వర్టికల్ యాక్సిస్ షోస్ ది ప్రైస్ పర్ కిలో". అప్పుడే "యాజ్ యూ కెన్ సీ" అనాలి, చూడాల్సిందేదో చెప్పకుండా యాజ్ యూ కెన్ సీ అంటే ఏం చూస్తారు పాపం. ఇక్కడ టు, బై అనే రెండు చిన్న మాటల్తో జాగ్రత్త. కిలో 20 రూపాయలున్నది 25 అయిందనుకోండి, "ది ప్రైస్ ఇంక్రీజ్డ్ ఫ్రమ్ 20 టు 25 రుపీస్" అనొచ్చు, "ఇంక్రీజ్డ్ బై 5 రుపీస్" అనొచ్చు, "ఇంక్రీజ్డ్ బై 25 పర్సంట్" అనొచ్చు, మూడూ కరెక్టే. అదే "ఇంక్రీజ్డ్ టు 5 రుపీస్" అంటే ధర 5 రూపాయలైందని అర్థం, లెక్క మొత్తం తలకిందులైపోతుంది. ఇంకోటి, 60 శాతం ఉన్నది 75 శాతం అయితే "బై 15 పర్సంటేజ్ పాయింట్స్" అనాలి, 15 పర్సంట్ పెరిగింది అనకూడదు, ఎందుకంటే 60లో 15 అంటే 25 పర్సంట్.

మన పక్కనున్న ఇండస్ట్రియల్ ఏరియా శ్రీసిటీలో జపాన్ కంపెనీలకో, ఇంకో దేశం వాళ్లకో చెప్పాల్సొస్తే లక్షలు, కోట్లు వాళ్లకి ఎక్కవు. 1 లక్షని "వన్ హండ్రెడ్ థౌజండ్", 1 కోటిని "టెన్ మిలియన్" అని స్లైడ్ మీదే మార్చి పెట్టుకోండి, అక్కడికక్కడ నిలబడి లెక్కేసుకోవాలంటే ఎవరికైనా కష్టమే.

మాట తట్టక ఆగిపోతే ఏం చేయాలి? సారీ, సారీ అని నాలుగుసార్లు అనేకంటే "లెట్ మి పుట్ ఇట్ అనదర్ వే" అని ఇంకో రకంగా చెప్పేయండి. చెప్పిందే ఇంకొంచెం సులువుగా చెప్పాలంటే "వాట్ ఐ మీన్ ఈజ్". ఎవరైనా మధ్యలో వేరే విషయం లాగితే "ఐ విల్ కమ్ బ్యాక్ టు దట్ ఇన్ ఎ మినిట్", కానీ తిరిగి రావాలి మరి, మర్చిపోకుండా పేపర్ మీద రాసుకోండి.

ముగించేటప్పుడు "దట్స్ ఆల్" అని దిగిపోవద్దు. "టు సమ్ అప్" అని రెండే రెండు పాయింట్లు మళ్లా చెప్పి, "థాంక్యూ ఫర్ లిజనింగ్, ఐ విల్ బి హ్యాపీ టు టేక్ యువర్ క్వశ్చన్స్" అనండి.

ప్రశ్నలప్పుడే అందరికీ గుండె దడ. సరిగ్గా వినపడకపోతే "సారీ, కుడ్ యూ రిపీట్ ది క్వశ్చన్ ప్లీజ్" అనండి, వినపడింది కానీ అర్థం కాకపోతే "ఆర్ యూ ఆస్కింగ్ అబౌట్ ది ప్రైస్ ఆర్ ది క్వాలిటీ?" అని మీరే తేల్చుకోండి, ఈ లోపల ఆలోచించుకోడానికి టైం కూడా దొరుకుతుంది. జవాబు తెలీకపోతే కల్పించి చెప్పొద్దు దయచేసి, ఎదురుగా కూర్చున్న మేడంకో సార్‌కో ఇట్టే తెలిసిపోతుంది. "ఐ డోంట్ హ్యావ్ దట్ ఫిగర్ విత్ మి, ఐ విల్ చెక్ అండ్ గెట్ బ్యాక్ టు యూ" అని ధైర్యంగా చెప్పండి, అడిగినాయన మెయిల్ ఐడీ తీసుకోండి, ఆ సాయంత్రమే పంపించేయండి. జవాబు తెలిసి చెప్పినప్పుడు మాత్రం "డస్ దట్ ఆన్సర్ యువర్ క్వశ్చన్?" అని అడిగి, ఆయన సరే అన్నాకే తర్వాత చేయెత్తిన వాళ్ల వైపు తిరగండి.