ప్రార్థనలో మనవులకు ముందు మూడు వాక్యాలు

మోకరించగానే పిల్లల చదువు, అప్పు, అమ్మ మోకాళ్ల నొప్పి అంటూ మనవులే వరుస కడతాయి. కృతజ్ఞత మాత్రం చివర్లో "అన్నిటికీ వందనాలు ప్రభువా" అన్న ఒక్క మాటతో ముగుస్తుంది. చాలాకాలం నా ఉదయ ప్రార్థన ఇలాగే సాగింది.

ఇప్పుడు బైబిలు పక్కనే ఒక చిన్న పుస్తకం పెట్టుకున్నాను. రాత్రి పడుకునే ముందు ఆ రోజు అందిన మేళ్లు మూడు రాస్తాను, ఒక్కొక్కటి ఒక్క వాక్యమే. "ఆరోగ్యం ఇచ్చావు" అని రాయకూడదు. "కరెంటు పోయినప్పుడు పక్కింటి అక్క దీపం తెచ్చి ఇచ్చింది" అని జరిగింది జరిగినట్టు రాయాలి. ఉదయం ముందుగా ఆ మూడూ చదివి, ఒక్కొక్కదానికి ఒక స్తుతి మాట చేరుస్తాను: "అడగకముందే అవసరం ఎరిగిన దేవా, నీకు స్తోత్రం." మేలు కోసం కృతజ్ఞత, ఆ మేలు చేసినవాడి గుణం కోసం స్తుతి. రెండూ కలిసి మూడు నిమిషాలే. ఆ తర్వాతే మనవులు.

మాటలు దొరకని రోజున 136వ కీర్తన తీయండి. అందులోని 26 వచనాల్లో ప్రతిదీ ఆయన కృప నిరంతరముంటుందన్న మాటతోనే ముగుస్తుంది. రోజుకు ఒక్క వచనం చదివి, దాని వెంట మీ వాక్యం చెప్పండి.

ఇంట్లో మరణం సంభవించినప్పుడు, గుండె పగిలినప్పుడు ఈ పద్ధతి పనిచేయదు. బలవంతంగా మూడు మేళ్లు వెతికితే మాటలు బోలుగా వినిపిస్తాయి. అప్పుడు పుస్తకం పక్కన పెట్టి 13వ కీర్తన చదవండి. అది "ఎంతకాలం" అన్న మొరతోనే మొదలవుతుంది.