ఎండు చిక్కుడు గింజలు ఒంటికి పట్టేలా వండడం ఎలా?

కూరకు వాడే చిక్కుడు, రాయలసీమవారు ఇష్టపడే అనప రెండూ ఒకే జాతి మొక్కలో రకాలు. వీటి ఎండు గింజలు 100 గ్రాముల్లో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులు, 25 గ్రాముల పీచు, 5 మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. ఈ అంకెలు చూసి మురిసిపోవద్దు. ఉడికేటప్పుడు గింజ నీరు పీల్చుకుంటుంది కాబట్టి, 100 గ్రాముల ఉడికిన గింజల్లో మాంసకృత్తులు 8 గ్రాములే. అయినా ఒక కోడిగుడ్డులో ఉండేవాటికంటే కాస్త ఎక్కువే!

1. పుచ్చులు, రాళ్లు ఏరేసి గింజలను రాత్రంతా నానబెట్టండి. పొద్దున ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కడగండి. ఇనుమును ఒంటికి అందనివ్వని ఫైటేట్లు దీంతో కొంత తగ్గుతాయి.

2. అసలు జాగ్రత్త ఇక్కడే అవసరం. ఎండు గింజల్లో, ముఖ్యంగా ముదురు రంగువాటిలో, సయనైడును విడుదల చేసే పదార్థాలు ఉంటాయి. అందుకే నేరుగా కుక్కర్‌లో పడేయకుండా, మూత పెట్టని గిన్నెలో, ఎక్కువ నీళ్లలో పది నిమిషాలు తెర్లనిచ్చి ఆ నీళ్లు వంపేయండి. కొన్ని బి విటమిన్లు కూడా నీళ్లతో పోతాయి, నిజమే. కానీ ఈ విషయంలో పొదుపు పనికిరాదు. పచ్చి గింజలు, సగం ఉడికినవి అసలు తినకూడదు.

3. తాజా నీళ్లు పోసి, వేళ్ల మధ్య నలిగేంత మెత్తగా కుక్కర్‌లో ఉడికించండి. త్వరగా ఉడకాలని వంటసోడా వేయకండి, బి1 విటమిన్ నశిస్తుంది. చింతపండు, టమాటా ఉడికాకే వేయాలి. ముందే వేస్తే పులుపుకు గింజ బిరుసెక్కుతుంది.

4. నానిన గింజలను పితికి పొట్టు తీస్తే పితికిపప్పు. రుచిలో దానికి సాటి లేదు. అయితే పొట్టుతోపాటు పీచూ పోతుంది. పండగనాడు పితకండి, మామూలు రోజుల్లో పొట్టుతోనే వండండి.

5. దించాక నిమ్మరసం పిండండి. అందులోని సి విటమిన్ ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గిపోతుంది. గంట ఆగండి. మాంసకృత్తులను కూర్చే అమైనో ఆమ్లాల్లో, అన్నంలో తక్కువగా ఉండే లైసిన్ చిక్కుళ్లలో పుష్కలం, వీటిలో తక్కువైన మెథియొనిన్ అన్నంలో దొరుకుతుంది. సంగటితో తింటే రాగుల కాల్షియం అదనం.

కడుపుబ్బరం ఉన్నవారు గుప్పెడుతో మొదలుపెట్టాలి. మూత్రపిండాల జబ్బు ఉంటే వైద్యుణ్ని అడగాలి.

విదేశాల్లోని తెలుగువారికి ఒక మాట: అక్కడి దుకాణాల్లో ‘ఫావా’, ‘బ్రాడ్ బీన్స్’ పేరుతో దొరికేవి మన చిక్కుళ్లు కావు, వేరే జాతి. పోషకాలు దాదాపు సమానమే. కానీ ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ ఎంజైమ్ పుట్టుకతోనే లోపించినవారు వాటిని తింటే ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమై ప్రాణాపాయం కలగవచ్చు. ఇంట్లో ఎవరికైనా ఆ లోపం ఉందని తెలిస్తే ఆ ప్యాకెట్ కొనవద్దు.