తప్పు యాప్‌లో లేదు: అమెరికాలో ఆన్‌లైన్ పోకర్ ఆడేవారికి సమస్యలు - పరిష్కారాలు

ఆన్‌లైన్ పోకర్‌లో చిక్కు ఎదురైతే మొదట యాప్ తీసేసి మళ్లీ వేసుకుంటాం. తర్వాత ఫోను ఆపి ఆన్ చేస్తాం. అదీ పనిచేయకపోతే కస్టమర్ కేర్‌తో వాదనకు దిగుతాం. కొన్నేళ్లపాటు నేను ఈ మూడు పనులూ ఎంతో శ్రద్ధగా చేశాను. ఒకరోజు అవతలి మనిషికి ఓపిక నశించింది. "సార్, ఇది మా చేతిలో లేదు. మీ రాష్ట్ర చట్టం ఒప్పుకోదు" అన్నాడు. కోపం వచ్చింది గాని, మాట నిజమే. అప్పటి నుంచి ఫిర్యాదు చేసే గుమ్మం మార్చుకున్నాను. కింద రాసినవన్నీ అలా తిరిగి తెలుసుకున్నవే. వీటిని లాయరు సలహాగా తీసుకోకండి.

సమస్య: "మీరున్న రాష్ట్రంలో ఈ ఆట అందుబాటులో లేదు" అని వస్తోంది

కారణం: అనుమతి ఇవ్వడం, ఇవ్వకపోవడం ప్రధానంగా రాష్ట్రాల పని. ఫోను, తంతి తీగల మీద పందేలు నడిపే వ్యాపారాన్ని ఆపడానికి చేసిన 1961 నాటి వైర్ చట్టం ఆన్‌లైన్ పందేలన్నిటికీ వర్తిస్తుందని ఫెడరల్ (కేంద్ర) న్యాయశాఖ చాలాకాలం అంటూ వచ్చింది. 2011 డిసెంబరులో మాట మార్చుకుని, అది క్రీడల పందేలకే పరిమితమంది. దాంతో 2013లో నెవాడా, డెలావేర్, న్యూజెర్సీలలో ఆట మొదలైంది. పెన్సిల్వేనియాలో 2019లో, మిషిగన్‌లో 2021లో వచ్చింది. మధ్యలో న్యాయశాఖ మళ్లీ అడ్డం తిరిగినా, 2021 జనవరిలో ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు వైర్ చట్టం క్రీడల పందేలకేనని తేల్చింది. కాబట్టి పక్క రాష్ట్రంలో దొరికే ఆట మీకు దొరకడం లేదంటే మీ శాసనసభ ఇంకా ఆ పని చేయలేదన్నమాట.

పరిష్కారం: మీ రాష్ట్ర సెనేటరు, దిగువ సభ సభ్యుడు ఎవరో చూసుకుని వారికి ఫోను చేయండి. నెబ్రాస్కాలో ఉంటే ఒక్కరే, అక్కడ ఉన్నది ఒకే సభ. నేను చేసిన తప్పు మీరు చేయకండి: తిన్నగా కాంగ్రెస్ (దేశం మొత్తానికి చట్టాలు చేసే సభ) సభ్యుడి ఆఫీసుకు ఫోను చేసి రాష్ట్ర లైసెన్సుల గురించి ఊదరగొట్టాను. అటువైపు కుర్రాడు చివరిదాకా విని, "ఇది రాష్ట్రం పరిధిలోనిదండీ" అన్నాడు. రాష్ట్ర నియోజకవర్గాలు సాధారణంగా చిన్నవి. ఒకే విషయం మీద వారంలో పది ఫోన్లు వస్తే అక్కడ దాన్ని గమనిస్తారు. చాలా శాసనసభలు ఏడాది మొదట్లో కొద్ది నెలలే కూర్చుంటాయి. ఆగస్టులో రాసిన ఉత్తరం జనవరికి పాతబడిపోతుంది.

ఒక హెచ్చరిక. వాషింగ్టన్ రాష్ట్రంలో 2006 నుంచి ఆన్‌లైన్‌లో జూదమాడటం క్లాస్ సి ఫెలనీ, అంటే తీవ్రనేరాల కోవలోది. దాన్ని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2010లో సమర్థించింది కూడా. అలాంటి చోట "నేను రోజూ ఆడుతున్నాను" అని ఉత్తరంలో రాసుకోవడం తెలివైన పని కాదు. "అనుమతి ఉంటే ఆడాలనుకుంటున్నాను" అంటే చాలు.

సమస్య: బ్యాంకు డిపాజిట్‌ను తిప్పికొడుతోంది

కారణం: 2006లో కాంగ్రెస్ ఓడరేవుల భద్రత బిల్లు ఒకటి ఆమోదించింది. దాని తోకకు ఇంటర్నెట్ జూదం చెల్లింపుల నిషేధాన్ని కట్టారు. అక్టోబరు 13న అధ్యక్షుడు బుష్ సంతకం చేశారు. ఓడరేవుల భద్రతకు వ్యతిరేకంగా ఎవరు ఓటేస్తారు? ఆ చట్టం ఆటగాడిని నేరస్థుణ్ణి చేయలేదు. చట్టవిరుద్ధమైన జూదానికి డబ్బు తీసుకునే వ్యాపారాన్ని పట్టుకుంది, ఆపే బాధ్యత బ్యాంకుల మీద పెట్టింది. ఏది చట్టవిరుద్ధమో మాత్రం వివరంగా చెప్పలేదు. బ్యాంకుకు ఇంత తలనొప్పి ఎందుకు? జూదం లావాదేవీలకు 7995 అనే కోడు ఉంది. కొన్ని బ్యాంకులు ఆ కోడు కనిపిస్తే చాలు, లైసెన్సు ఉన్నా లేకున్నా ఆపేస్తాయి.

పరిష్కారం: లైసెన్సు ఉన్న రాష్ట్రంలో ఉంటే, ఆపింది చట్టమా, బ్యాంకు సొంత విధానమా అని అడగండి. విధానమైతే బ్యాంకు మార్చండి. చట్టమైతే అది ఫెడరల్ విషయం. ఈసారి కాంగ్రెస్ ఆఫీసుకే ఫోను చేయాలి.

సమస్య: ఖాతాలో డబ్బు కనిపిస్తోంది, చేతికి మాత్రం రావడం లేదు

కారణం: లైసెన్సు లేని విదేశీ సైటులో ఆ అంకె ఒక హామీ మాత్రమే. 2011 ఏప్రిల్ 15న న్యూయార్క్‌లోని ఫెడరల్ ప్రాసిక్యూటర్లు పోకర్‌స్టార్స్, ఫుల్ టిల్ట్ సహా మూడు పెద్ద సైట్ల మీద కేసులు పెట్టారు. పాత ఆటగాళ్లు ఇప్పటికీ ఆ రోజును బ్లాక్ ఫ్రైడే అంటారు. పోకర్‌స్టార్స్ తన అమెరికా ఆటగాళ్లకు త్వరగానే చెల్లించింది. ఫుల్ టిల్ట్ దగ్గర చెల్లించడానికి డబ్బే లేదు. 2012లో పోకర్‌స్టార్స్ ప్రభుత్వంతో 73.1 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాక గాని దారి దొరకలేదు. ఫుల్ టిల్ట్‌లో ఇరుక్కున్న అమెరికా ఆటగాళ్లకు సొమ్ము అందడం మొదలైంది 2014 ఫిబ్రవరిలో.

పరిష్కారం: ఇరుక్కున్న డబ్బుకు చట్టసభ సభ్యుడు చేయగలిగింది తక్కువ. కానీ మీ కథ ఆయనకు పనికొస్తుంది. ఆటగాళ్ల సొమ్మును కంపెనీ ఖర్చులతో కలపకుండా విడిగా ఉంచాలన్న నిబంధన లైసెన్సు విధానం ఉన్నచోటే పెట్టగలరు. "ఆడనివ్వండి" అని అడగడం కన్నా "ఆడేవాడి డబ్బుకు కాపలా పెట్టండి" అని అడిగితే ఆట నచ్చని సభ్యుడు కూడా వింటాడు.

సమస్య: ఆట ఉంది, బల్లలే ఖాళీ

కారణం: చిన్న రాష్ట్రంలో రాత్రి రెండింటికి ఎదురుగా కూర్చునేవారెవరు? రాష్ట్రాలు ఆటగాళ్లను కలుపుకోవాలంటే ఒప్పందం కావాలి. నెవాడా, డెలావేర్ 2014లో కలిశాయి. న్యూజెర్సీ 2017లో, మిషిగన్ 2022లో, పెన్సిల్వేనియా 2025లో చేరాయి.

పరిష్కారం: అడ్డు ఎక్కడుందో ముందు చూడండి. మిషిగన్‌లో విడిగా చట్టం చేయవలసి వచ్చింది. పెన్సిల్వేనియాలో 2017 చట్టంలోనే వీలుంది, ప్రభుత్వమే కదలవలసి వచ్చింది. అలాంటిచోట శాసనసభ్యుడితో పాటు గవర్నరు కార్యాలయానికీ రాయాలి.

సమస్య: ఏడాదంతా ఆడి ఏమీ మిగలకపోయినా పన్ను పడుతోంది

కారణం: 2025 జూలై 4న సంతకమైన పన్ను చట్టం. 2026 నుంచి, ఓడిన సొమ్ములో 90 శాతమే మినహాయింపు. లక్ష డాలర్లు గెలిచి లక్ష డాలర్లు ఓడిన మనిషికి మిగిలింది సున్నా. పన్ను లెక్కలో మాత్రం అతనికి 10,000 డాలర్ల ఆదాయం ఉంది!

పరిష్కారం: ఇది పూర్తిగా కాంగ్రెస్ పని. నెవాడా ప్రతినిధి డీనా టైటస్ కొద్దిరోజుల్లోనే పాత పద్ధతి తిరిగి తేవాలని ఫెయిర్ బెట్ యాక్ట్ అనే బిల్లు పెట్టారు. మీ ప్రతినిధిని ఇలాంటి బిల్లుకు సహ ప్రతిపాదకుడిగా సంతకం చేస్తారా, లేదా అని సూటిగా అడగండి. "పరిశీలిస్తాం" అంటే రెండు వారాలాగి మళ్లీ అడగండి. పై లెక్క ఒక్కటే చెప్పండి. పోకర్ ముఖం చూడని అకౌంటెంటు కూడా నవ్వే లెక్క అది.

సమస్య: ఉత్తరం రాశాను, మూస జవాబు వచ్చింది

నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే.

కారణం: మీరు పంపింది కూడా మూస ఉత్తరమే. సంఘాలు తయారుచేసి ఇచ్చే ఉత్తరం మీద పేరు మార్చి వేలమంది పంపితే, ఆఫీసులో వాటన్నిటినీ ఒక కట్టగా చూసి ఒకే జవాబు ఇస్తారు. అది దండగ అనను. లెక్కలోకి వస్తుంది, కానీ అంకెగానే వస్తుంది. ఇక కాగితం ఉత్తరం సంగతి: 2001 ఆంత్రాక్స్ దాడుల తర్వాత కాంగ్రెస్‌కు వెళ్లే తపాలాను మరోచోట తనిఖీ చేసి, శుద్ధి చేశాకే లోపలికి పంపుతున్నారు. ఓటు జరిగిపోయాక మీ కవరు చేరవచ్చు.

పరిష్కారం: మొదట ఫోను. నేను తొలిసారి చేసినప్పుడు పోకర్ నైపుణ్యమా, అదృష్టమా అని రెండు పేజీలు రాసుకుని, గొంతు సవరించుకుని కూర్చున్నాను. అటువైపు ఇంటర్న్ అమ్మాయి అడిగినవి: పేరు, జిప్ కోడ్, బిల్లు నంబరు, మద్దతా వ్యతిరేకమా. కీబోర్డు టకటకా వినిపించింది. "మీ అభిప్రాయం చేరుస్తానండీ" అంది. మొత్తం 40 సెకన్లు. రెండు పేజీలూ అలాగే ఉండిపోయాయి. మొదట నిరాశ కలిగింది. తర్వాత ఆలోచిస్తే, ఆ నాలుగు గడులే వాళ్లకు కావలసినవి. నాలుగూ నింపి ఇవ్వడమే మన పని. జిప్ కోడ్ అన్నిటికన్నా ముఖ్యం. అది లేకపోతే మీరు ఓ దారిన పోయే దానయ్య.

ఆ తర్వాత స్థానిక కార్యాలయానికి వెళ్లండి. ముగ్గురు కలిసి వెళితే మేలు. చేతిలో ఒకే పేజీ. అందులో వరసగా: నేనుండే చోటు, నా పని, ఈ నియమం వల్ల నాకు జరిగింది, నేను కోరే ఒక్క పని. ఒక్కటే. లైసెన్సు, పన్ను, బ్యాంకు మూడూ ఒకే పేజీలో కలిపితే ఏదీ గుర్తుండదు. మాట్లాడేది సభ్యుడితో కాదు, సహాయకుడితో అయితే చిన్నబోకండి. బిల్లు చదివేది చాలాసార్లు ఆ సహాయకుడే.

సమస్య: "ఇది వ్యసనం కదా" అనగానే నోరు మూతపడుతోంది

కారణం: మనం నైపుణ్యం వాదనను నమ్ముకుని వెళతాం. 2012లో న్యూయార్క్‌లో జడ్జి జాక్ వైన్‌స్టైన్ పోకర్‌లో నైపుణ్యానిదే పైచేయి అని తీర్పు ఇచ్చారు. మరుసటి ఏడాది అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. నైపుణ్యం లేదని కాదు, అక్రమ జూద వ్యాపారం మీద ఉన్న ఫెడరల్ చట్టానికి ఆ తేడాతో పని లేదని. వాదన గెలిచింది, కేసు ఓడింది. పైగా ఇంట్లో "పేకాట కోసం ప్రభుత్వానికి ఫోన్లు చేస్తున్నావా?" అని అడిగే పెద్దలు ఉండనే ఉన్నారు. మా అమ్మ అడిగింది.

పరిష్కారం: వ్యసనం లేదని బుకాయించకండి. ఉంది, కుటుంబాలు కూలిపోయాయి. వయసు తనిఖీ, డిపాజిట్ పరిమితి, తనను తానే నిషేధించుకునే సౌకర్యం: ఇవి ఎక్కడ అమలవుతాయి, లైసెన్సు ఉన్న సైటులోనా, ఎక్కడో ద్వీపంలో ఉన్న సైటులోనా అని అడగండి. ఇది చర్చకోసం నేర్చుకున్న మాట కాకూడదు. ఆ పరిమితులు మీ ఖాతాలో మీరు పెట్టుకుని వెళ్లండి.

సమస్య: నాకు ఓటు లేదు, హెచ్-1బి మీద ఉన్నాను

కారణం: భయం తప్ప మరేమీ లేదు. ప్రభుత్వానికి విన్నవించుకునే హక్కును రాజ్యాంగం మొదటి సవరణ పౌరులకే పరిమితం చేయలేదు.

పరిష్కారం: ఫోను చేయండి, నియోజకవర్గ నివాసినని చెప్పండి. ఒక్కటి గుర్తుంచుకోండి: గ్రీన్‌కార్డు లేని విదేశీయులు ఎన్నికల విరాళాలు ఇవ్వడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. విందులో ఎవరైనా చెక్కు అడిగితే చేయి వెనక్కి తీసుకోండి.

సమస్య: ఇంత చేసినా బిల్లు పోయింది

కారణం: సాధారణంగా జరిగేది అదే. 2010 జూలైలో కాంగ్రెస్ సభ్యుడు బార్నీ ఫ్రాంక్ తెచ్చిన ఆన్‌లైన్ జూదం లైసెన్సుల బిల్లు హౌస్ (కాంగ్రెస్ దిగువ సభ) ఆర్థిక సేవల కమిటీలో 41-22తో నెగ్గింది. పూర్తి సభ ముందుకు రానేలేదు. 2016లో న్యూయార్క్ సెనేట్ పోకర్ బిల్లును ఆమోదించింది, అసెంబ్లీ ఓటింగుకే పెట్టలేదు.

పరిష్కారం: కాంగ్రెస్ రెండేళ్లకోసారి కొత్తగా మొదలవుతుంది. ఆమోదం పొందని బిల్లులన్నీ అక్కడితో సరి, మళ్లీ పెడితే కొత్త నంబరు వస్తుంది. పాత నంబరు చెబితే ఇంటర్న్ వెతుక్కుంటూ కూర్చుంటుంది. నేను ఒక చిన్న పుస్తకంలో తేదీ, బిల్లు నంబరు, ఎవరు ఫోను ఎత్తారు, ఏమన్నారు అని రాసి పెడతాను. పోయిన నెల ఫోను చేసినప్పుడు, "మీ ఆఫీసువాళ్లు మార్చిలో చూస్తామన్నారు" అన్నాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "ఒక్క నిమిషం, పన్నుల విషయం చూసేవారికి కలుపుతాను" అన్నారు.