పాత మోటార్‌సైకిలుకు విదేశాల నుంచి రెప్లికా పెట్రోలు ట్యాంకు తెప్పించుకోవడం ఎలా?

పాత యెజ్డీ, రాజ్‌దూత్ 350, బీఎస్‌ఏ లాంటి బండిని ఇంట్లో పెట్టుకున్నవారికి ఇంజను కన్నా పెట్రోలు ట్యాంకే ఎక్కువ తలనొప్పి. ఇంజను భాగాల కోసం పుత్లీబౌలిలోనో రాణిగంజ్‌లోనో నాలుగు దుకాణాలు తిరిగితే ఏదో ఒక దారి దొరుకుతుంది. లోపలి నుంచి తుప్పు తినేసిన ట్యాంకుకు మాత్రం బదులు దొరకడం కష్టం. అప్పుడు ఇంగ్లండులోనో చెక్ దేశంలోనో అమ్మకానికి పెట్టిన రెప్లికా ట్యాంకుల (పాతదాని అచ్చులో కొత్తగా చేసినవి) ఫొటోలు కంటికి ఇంపుగా కనిపిస్తాయి. ఫొటోలో ప్రతి ట్యాంకూ మీ బండికి సరిపోయేదిలాగే ఉంటుంది. డబ్బు పెట్టాల్సింది కొలతలను చూసి.

ముందుగా, విదేశం దాకా వెళ్లాలా?

బ్రిటిష్ బండ్లకు, అంటే బీఎస్‌ఏ, ట్రయంఫ్, నార్టన్, మ్యాచ్‌లెస్ లాంటివాటికి ప్రపంచమంతా అమ్ముడయ్యే రెప్లికా ట్యాంకుల్లో చాలా వరకు మన దేశంలోనే, ముఖ్యంగా ఉత్తరాది చిన్న కార్ఖానాల్లో తయారవుతాయి. ఆ సంగతి తెలియక ఆర్డరు పెడితే మన రేకే లండన్ చూసొచ్చి, పన్ను కట్టించుకుని, శంషాబాద్‌లో దిగుతుంది. కాబట్టి అమ్మేవారిని అడగాల్సిన మొదటి ప్రశ్న: ఇది ఏ దేశంలో తయారైంది? భారతదేశం అని జవాబొస్తే, అలాంటి సరుకు ఇక్కడే నేరుగా దొరుకుతుందేమో వెతకండి. జావా సంగతి వేరు. ఆ బండి పుట్టిల్లే చెక్ దేశం కాబట్టి పాత మోడళ్ల భాగాలు అక్కడ ఇప్పటికీ తయారవుతున్నాయి. మైసూరులో తయారైన జావాకు మూలం కూడా అక్కడి మోడలే.

రెప్లికా కాదు, వాడిన అసలు ట్యాంకే తెప్పిస్తానంటారా? అప్పుడు రెండు అడ్డంకులు ఉన్నాయి. యంత్రపరికరాలు మినహా వాడిన సరుకుల దిగుమతిపై మన విదేశీ వాణిజ్య విధానంలో ఆంక్షలు ఉన్నాయి, ముందుగా అనుమతి తీసుకోవాలి. రెండోది, ఒకసారి పెట్రోలు పోసిన ట్యాంకులో ఆవిరి మిగిలి ఉంటే విమానంలో దాన్ని ప్రమాదకర సరుకుగా చూస్తారు. కొత్త రెప్లికాకు ఈ రెండు బాధలూ లేవు.

బండిని సరిగ్గా గుర్తించండి

పేరొక్కటి చెబితే చాలదు, మోడలు, సంవత్సరం, ఫ్రేము నంబరు మూడూ రాసుకోండి. నార్టన్ ఫెదర్‌బెడ్ ఫ్రేము 1960లో సన్నబడింది. అంతకు ముందు వైడ్‌లైన్, తరువాత స్లిమ్‌లైన్, ఒకదాని ట్యాంకు రెండోదానికి అమరదు. 1971 నుంచి ట్రయంఫ్ పెద్ద బండ్లకు ఆయిల్ ఫ్రేములోపలే ఉండే ఏర్పాటు వచ్చింది, పాత ట్యాంకు దానికి పట్టదు. బీఎస్‌ఏ గోల్డ్‌స్టార్ ట్యాంకును మధ్యలో ఒకే బోల్టు పట్టి ఉంచుతుంది, కొన్ని ఫెదర్‌బెడ్ ట్యాంకులు పైనుంచి పట్టీతో బిగుస్తాయి. కొన్ని జావా 250లకు ఇగ్నిషన్ స్విచ్ ట్యాంకులోనే ఉంటుంది, దానికి రంధ్రం లేని ట్యాంకు వస్తే కష్టం.

గ్యాలన్ల దగ్గరా జాగ్రత్త. బ్రిటిష్ గ్యాలను 4.546 లీటర్లు, అమెరికా గ్యాలను 3.785 లీటర్లు. నాలుగు గ్యాలన్ల ట్యాంకు అన్నప్పుడు ఎవరి గ్యాలనో అడగండి, లేదా లీటర్లలో చెప్పమనండి.

అమ్మేవారి నుంచి ఈ ఫొటోలు రావాలి: ట్యాంకు కింది భాగం, బోల్టు రంధ్రాల మధ్య దూరం మీద టేపు పెట్టి తీసినది, ఫ్రేము గొట్టం దూరే సొరంగం వెడల్పు, మూత తీసి లోపలికి చూపించేది. పెట్రోల్ కాక్ (పెట్రోలును తెరిచి మూసే కుళాయి) మర ఏ రకమో రాతపూర్వకంగా తెలుసుకోండి. బ్రిటిష్ బండ్లలో ఎక్కువగా పావు అంగుళం బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు కొలత) మర కనిపిస్తుంది, జపాన్ బండ్లలో కాక్ రెండు బోల్టులతో బిగుస్తుంది. మీ పాత ట్యాంకు మీద అవే కొలతలు తీసి పక్కన పెట్టి పోల్చండి. టేపు పెట్టి ఫొటో తీయడానికి బద్ధకించే వ్యాపారి, రేపు సరుకు సరిపోకపోతే సర్దుబాటు చేస్తాడని ఆశించకండి.

ఏ లోహం?

ఉక్కు రేకు లేదా అల్యూమినియం. ఫైబర్‌గ్లాస్ ఎంత అందంగా ఉన్నా వద్దు. మన బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రకం పాలిస్టర్ రెసిన్‌ను ఇథనాల్ మెత్తబరుస్తుంది, ఆ జిగురు కార్బురేటర్‌లోకి దిగి పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రాలను (జెట్లను) మూసేస్తుంది. ఇథనాల్ గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. వానాకాలమంతా బండి కదలకుండా ఉంటే నీరు విడిపోయి అడుగున చేరి, ఉక్కు అక్కడి నుంచే తుప్పు పడుతుంది. అందుకే ఉక్కు ట్యాంకుకు లోపల ఎపాక్సీ పూత వేయించడం మేలు. క్రోమ్ వేసిన ట్యాంకైతే ఇంకొక చిక్కు: ప్లేటింగ్‌లో వాడిన ఆమ్లం అతుకుల్లో మిగిలిపోతే లోపల తుప్పు త్వరగా మొదలవుతుంది.

అసలు ఖర్చు ఎంత?

ట్యాంకు ధర చూసి సంబరపడకండి. కొరియర్ సంస్థలు బరువు కన్నా పరిమాణం చూస్తాయి: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించడం మామూలు లెక్క. 70, 40, 40 సెంటీమీటర్ల డబ్బా 22.4 కిలోలు అవుతుంది, లోపలి ట్యాంకు ఆరు కిలోలే ఉన్నా సరే.

తరువాత కస్టమ్స్. సరుకు ధరకు రవాణా, బీమా కలిపి విలువ కడతారు. విమానంలో వచ్చే సరుకుకు రవాణా ఖర్చు ఎంతైనా, ఈ లెక్కలో సరుకు ధరలో 20 శాతానికి మించి కలపకూడదని నిబంధన. బీమా రుజువు లేకపోతే 1.125 శాతం కలుపుతారు. అంటే 20,000 రూపాయల ట్యాంకుకు 14,000 రవాణా పెట్టినా, పన్ను వేసే విలువ 20,000కు 4,000, 225 కలిపి 24,225 మాత్రమే. దాని మీద మూల సుంకం, ఆ సుంకంలో పదో వంతు సంక్షేమ సర్‌ఛార్జి, ఆ మొత్తం మీద ఐజీఎస్‌టీ, అంటే దిగుమతి సరుకుకు వేసే జీఎస్‌టీ. లెక్క అర్థం కావడానికి సుంకం 10, ఐజీఎస్‌టీ 18 శాతం అనుకుంటే పన్ను దాదాపు 7,500 రూపాయలు. రేట్లు బడ్జెట్లతో మారుతుంటాయి, కాబట్టి ఆర్డరుకు ముందే కొరియర్‌ను అంచనా అడగండి. వారి క్లియరెన్స్ రుసుము వేరే ఉంటుంది. బిల్లు వచ్చాక రవాణా కింద ఎంత కలిపారో తప్పక చూడండి.

‘బహుమతి అని రాసి పంపుతాం, పన్ను పడదు’ అని కొందరు అమ్మకందారులు ఆశ పెడతారు. ఆ వెసులుబాటు 2019 డిసెంబరులోనే పోయింది. ధర తగ్గించి రాయించుకున్నా ఇబ్బందే: సరుకు పట్టుబడితే బాధ మీది, దారిలో దెబ్బతింటే బీమా ఆ తక్కువ ధరకే వస్తుంది. సొంత వాడకానికి ఒక్క ట్యాంకు తెప్పించుకుంటే దిగుమతి లైసెన్సు నంబరు అక్కర్లేదు, కేవైసీకి ఆధార్ లాంటి గుర్తింపు పత్రం సిద్ధంగా ఉంచుకుంటే చాలు. డబ్బు కార్డుతో కట్టండి. కార్డులో అంతర్జాతీయ చెల్లింపులు ముందే ఆన్ చేయాలి.

డబ్బా వచ్చాక

విప్పుతున్నప్పుడు వీడియో తీయండి. ఆ తరువాత ట్యాంకు నేరుగా పెయింటరు దగ్గరికి వెళ్లకూడదు. రంగు వేసిన ట్యాంకును ఎవరూ వెనక్కి తీసుకోరు, సరిపోకపోతే ఆ రంగు డబ్బులూ పోతాయి.

ముందు లీకు పరీక్ష. రంధ్రాలన్నీ రబ్బరు బిరడాలతో మూసి, సైకిలు పంపుతో రెండు పీఎస్‌ఐ మించకుండా గాలి పెట్టి, అతుకుల మీద సబ్బు నీళ్లు రాయండి. కంప్రెసర్ గాలి వద్దు, రేకు ఉబ్బిపోతుంది. తరువాత ఉత్తి ట్యాంకును బండి మీద అమర్చండి. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పినప్పుడు తగలకూడదు. ఇంజను హెడ్‌కు, కార్బురేటర్‌కు ఎడం ఉండాలి. రబ్బరు దిమ్మల మీద తప్ప ఎక్కడా లోహానికి లోహం ఆనకూడదు. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా రెప్లికాల్లో మామూలే, రంధ్రాన్ని ఆకురాయితో కాస్త పొడవు చేస్తే సరిపోతుంది. బ్రాకెట్ జరపాల్సి వస్తే వెల్డింగ్ ఇప్పుడే, పెట్రోలు చుక్క కూడా పడకముందే చేయించాలి. ఒకసారి పోశాక మిగిలే ఆవిరి పేలుతుంది.

లోపల వెల్డింగ్ ముక్కలు, రేకు పొడి ఉంటాయి. కడిగి పూర్తిగా ఆరబెట్టాక ఎపాక్సీ పూత, ఆ తరువాతే రంగు. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ మీద పెట్రోలు చిందితే మచ్చ పడుతుంది, పీయూ (పాలియురెథేన్) పెయింట్ వేయించండి. పౌడర్ కోటింగ్ చవక అని ఎవరైనా చెబితే ఆలోచించండి. దాన్ని 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాలుస్తారు, ట్యాంకు మీద పుట్టీ గానీ లోపల పూత గానీ ఉంటే ఆ వేడికి నిలవవు.

మూతకు గాలి రంధ్రం ఉందో లేదో ఊదిచూడండి. అది లేకపోతే కొంత దూరం పోయాక పెట్రోలు దిగడం ఆగి బండి నిలిచిపోతుంది, మీరు కార్బురేటర్ విప్పి వెతుకుతుంటారు. కాక్‌కు కొత్త వాషరు వేసి, మొదట ఒక లీటరు పోసి, రాత్రంతా గాలాడే చోట కింద అట్టముక్క పరిచి నిలపండి. తెల్లారేసరికి అట్ట పొడిగా ఉంటే బంకుకు వెళ్లవచ్చు.