పెద్ద థాయ్ రెస్టారెంట్‌లో ఆర్డర్ ఎలా చెప్పాలి? గోదావరి జిల్లాల వాళ్ళ కోసం

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు నుంచి పనిమీదో పెళ్ళి షాపింగ్‌కో హైదరాబాద్, బ్యాంకాక్ వెళ్ళే మనవాళ్ళు ఈమధ్య పెద్ద థాయ్ రెస్టారెంట్లలోకీ అడుగుపెడుతున్నారు. మెనూ చూసి కంగారుపడటం, ఆఖరికి చికెన్ ఫ్రైడ్ రైస్, నూడుల్స్, ఏదో ఒక ఫ్రై చెప్పేయడం, వేలల్లో బిల్లు కట్టి "ఏముందండీ, మన సెంటర్లో బండి మీద దొరికేదే కదా" అనుకుంటూ బయటికి రావడం. తప్పు వంటవాడిది కాదు, ఆర్డర్ చెప్పినవాళ్ళదే.

శని, ఆదివారాలైతే ముందే ఫోన్ చేసి టేబుల్ బుక్ చేసుకోండి. షార్ట్స్, రబ్బరు చెప్పులతో వెళ్తే పెద్ద హోటళ్ళలో గుమ్మం దగ్గరే ఆపేసే అవకాశం ఉంది. కనీసం నలుగురు వెళ్ళండి. ఇద్దరే వెళ్తే రెండు రుచులే తెలుస్తాయి, దానికి అంత డబ్బు దండగ. సాయంత్రం టిఫిన్ మానేయండి. చాప్‌స్టిక్స్ అడగకండి, థాయ్‌లాండ్‌లో అవి ముఖ్యంగా నూడుల్స్‌కే. అన్నం తినేది కుడిచేతి స్పూనుతో, ఎడమచేతి ఫోర్కు అన్నాన్ని స్పూన్లోకి నెట్టడానికి మాత్రమే.

ఇక అసలు పని, ఆర్డర్. అందరూ బోల్తాపడేది ఇక్కడే.

ముందు తెల్లన్నం చెప్పండి. థాయ్ భోజనం మన విస్తరి భోజనం లాంటిదే. అన్నం ప్రధానం, మిగతావన్నీ దానికోసమే. ఎవరి ప్లేటు వాళ్ళకి చెప్పుకోకూడదు, అన్నీ మధ్యలో పెట్టుకుని పంచుకోవాలి. ఫ్రైడ్ రైస్ చెప్పారో, ఆ నూనెకీ ఉప్పుకీ పక్కనున్న ఏ కూర రుచీ తెలియదు. నలుగురికి ఐదు ఐటమ్స్ చాలు: పుల్లటి సూప్, కొబ్బరిపాల కూర, చేప, సలాడ్, ఆకుకూర వేపుడు.

కొబ్బరిపాలు ఒక్కదాంట్లోనే ఉండాలి. కోనసీమ వాళ్ళకి ఇది చెప్పడం కష్టం. గ్రీన్ కర్రీ, పనాంగ్, మసమన్, టామ్ ఖా సూప్, పేర్లు వేరైనా అన్నిట్లోనూ కొబ్బరిపాలే. మూడు చెప్పుకుంటే నాలుగో ముద్దకి మొహం మొత్తుతుంది. నన్నడిగితే గ్రీన్ కర్రీ ఒక్కటే చెప్పాలి. మసమన్‌లో ఏలకులు, దాల్చినచెక్క, బంగాళాదుంప ఉంటాయి. తినగానే మన కుర్మా గుర్తొస్తుంది. దానికోసం అంతదూరం ఎందుకు?

సూప్ అంటే టామ్ యమ్ కుంగ్. రొయ్యలు అందులోనే వస్తాయి, మళ్ళీ విడిగా చెప్పకండి. 2024లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలోకి ఎక్కిన వంటకం ఇది. అందులో తేలే నిమ్మగడ్డి కాడలు, గలంగల్ అనే అల్లం జాతి దుంప ముక్కలు, నిమ్మ జాతి ఆకులు వాసన కోసమే, నమలకూడదు. మా బావగారు గలంగల్‌ని మెత్తటి అల్లం అనుకుని పళ్ళ కింద వేసుకుని, సూప్ అయిపోయేదాకా నములుతూనే ఉన్నారు.

చేప విషయంలో మాత్రం మనకి టెన్షన్ అక్కర్లేదు. మెనూలో 'సీ బాస్' అనో 'ప్లా కపొంగ్' అనో ఉంటే అది చాలాచోట్ల మన పండుగప్పే. ఇంట్లో ఎలాగూ ఇగురు, పులుసు తింటాం కాబట్టి అక్కడ వేపించుకోవద్దు. నిమ్మరసం, వెల్లుల్లి, పచ్చిమిర్చితో ఆవిరి మీద ఉడికించింది చెప్పండి. చాలాచోట్ల చేప ఆకారంలో ఉన్న రేకు పళ్ళెంలో, కింద చిన్న మంటతో తెస్తారు. రసం అంచుల్లో సన్నగా కుతకుతలాడుతూ ఉంటుంది. వెన్నుముల్లు పక్కన స్పూను ఆనిస్తే తెల్లటి పొర విడిపోవాలి, విడిపోలేదంటే సరిగా ఉడకలేదని వెనక్కి పంపండి. ఆ రసం రెండు స్పూన్లు అన్నం మీద పోసుకోండి.

"మేం ఆంధ్రా అండీ, ఎంత కారమైనా పర్లేదు" అని మాత్రం అనకండి. మన కారం నూనెలో మగ్గింది, పక్కన పప్పూ నెయ్యీ ఉంటాయి. బొప్పాయి సలాడ్, అంటే సోమ్ తమ్‌లో, వేలి కణుపంత కూడా లేని పచ్చిమిర్చిని పచ్చిగానే రోట్లో దంచి నిమ్మరసంలో కలుపుతారు. చెవులు గుయ్‌మంటాయి. మీడియం చెప్పి, చాలకపోతే 'ప్రిక్ నామ్ ప్లా' అడగండి. చేపల సాస్‌లో మిరప చక్రాలు వేసి చిన్న గిన్నెలో ఇస్తారు.

శాకాహారులుంటే ఇంకో జాగ్రత్త. "నో చికెన్, నో ఫిష్" అంటే సరిపోదు. చాలా వంటల్లో ఉప్పు బదులు పడేదే చేపల సాస్. కూర ముద్దలో, అంటే కర్రీ పేస్టులో రొయ్యల పేస్టు, సోమ్ తమ్‌లో ఎండు రొయ్యలు, ఆకుకూరలో ఆయిస్టర్ సాస్ ఉంటాయి. సాస్ అప్పటికప్పుడు మానేయొచ్చు గానీ, కూర ముద్ద ముందే నూరి ఉంచుతారు, అందులోంచి రొయ్యల్ని తీయలేరు. అందుకే బుక్ చేసే ఫోన్‌లోనే "వెజ్ పేస్టు విడిగా నూరతారా?" అని అడగండి. బ్యాంకాక్‌లో అయితే 'జే' అని చెప్పండి. అందులో మాంసం, చేపలతోపాటు ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు, కార్తీకమాసం నియమం ఉన్నవాళ్ళకి అంతకంటే ఏం కావాలి!

ఇంత తలనొప్పి ఎందుకని సెట్ మెనూ, అంటే హోటల్ వాళ్ళే ముందుగా కూర్చిపెట్టిన భోజనం, చెప్పేవాళ్ళున్నారు. ఎవరికీ నచ్చకుండా పోకూడదని పులుపు, కారం తగ్గించి తీపి పెంచేదే సెట్ మెనూ. నా టేబుల్ మీదికి అది రానివ్వను.

స్టార్టర్లు, సూప్ అని విడతలుగా కాకుండా అన్నీ ఒకేసారి తెమ్మనండి. ఒక్కో కూర రెండేసి స్పూన్లు అన్నంలో వేసుకుంటూ, మధ్యమధ్యలో సూప్ తాగండి. చివర్లో మామిడిపండుతో స్టికీ రైస్. పైన పోసే కొబ్బరిపాలు ఉప్పగా ఉంటాయి, చెడిపోయాయని గొడవపడకండి.

మన దేశంలో తింటే బిల్లులో రెండు చూడండి. విడి రెస్టారెంట్ అయితే జీఎస్టీ 5 శాతం, గది అద్దె రోజుకి 7,500 రూపాయలు దాటే హోటల్లోనిదైతే 18 శాతం. సర్వీస్ చార్జ్ తప్పనిసరి కాదు, తీసేయమని అడగొచ్చు. ఆ డబ్బేదో చేప ముళ్ళు తీసి పెట్టిన కుర్రాడి చేతిలో పెట్టండి.