మందూ తిండీ – 3వ పాఠం: ఎడం లెక్క

కిందటి పాఠంలో మీరు వాడే మందుల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకోమన్నాను, బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరుతో సహా. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఈసారి ప్రతి మందు పక్కన ఒక మాట రాస్తాం: దేనికి ఎంత దూరం ఉంచాలి?

పాలతో మొదలుపెడదాం. పాలలోని కాల్షియం కడుపులో కొన్ని మందులను గట్టిగా పట్టేసుకుంటుంది. అలా ముడిపడిన మందు రక్తంలోకి వెళ్లదు, ఊరికే బయటికి పోతుంది. టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ ఇలాంటివి. పాలతో వేసుకుంటే కోర్సు మొత్తం వాడినా జబ్బు తగ్గకపోవచ్చు. అలాగని యాంటీబయాటిక్స్ అన్నింటికీ ఈ భయం అక్కర్లేదు. అమాక్సిసిల్లిన్‌కు పాలతో పేచీ లేదు. అందుకే అసలు పేరు రాసుకోమన్నది.

ఎక్కువమంది పొరపాటు పడేది థైరాయిడ్ మాత్ర దగ్గర. లీవోథైరాక్సిన్‌ను పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, టిఫిన్‌కీ కాఫీకీ 30 నుంచి 60 నిమిషాలు ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకైతే 4 గంటల ఎడం కావాలి. ఐరన్‌కు మళ్లీ టీ, కాఫీ పడవు. వాటితో కలిస్తే ఐరన్ సరిగా ఒంటపట్టదు. నిమ్మరసం లాంటి పుల్లటివి మాత్రం దానికి సాయం చేస్తాయి.

ఇప్పుడు ఒకరి రోజును కాగితం మీద పెట్టి చూద్దాం. ఆమెకు థైరాయిడ్, ఐరన్, కాల్షియం మూడూ ఉన్నాయి. ఇన్నాళ్లూ మర్చిపోతానన్న టెన్షన్‌తో పొద్దున్నే మూడూ ఒకే గుక్కలో మింగి, వెంటనే కాఫీ తాగేది. మాత్ర ఒక్కటీ మానలేదు, కానీ థైరాయిడ్ మాత్రా, ఐరనూ ఒంటపట్టింది తక్కువే. సర్దితే ఇలా వస్తుంది: 6 గంటలకు థైరాయిడ్ మాత్ర, నీళ్లు. 7కి కాఫీ, టిఫిన్. 11కి నిమ్మరసంతో ఐరన్. కాల్షియం రాత్రి భోజనంతో. కాల్షియం కార్బొనేట్ అయితే తిండితో వేసుకుంటేనే బాగా ఒంటపడుతుంది కూడా.

ఇక్కడొక జాగ్రత్త చెప్పకుండా ముందుకు వెళ్లలేను. థైరాయిడ్ మాత్రను ఏళ్ల తరబడి కాఫీతో వేసుకున్నవారి డోసు ఆ అలవాటుకు తగ్గట్టే కుదిరి ఉంటుంది. ఎడం పాటించగానే అదే డోసు ఎక్కువైపోవచ్చు. కాబట్టి వేళలు మార్చే ముందు డాక్టర్‌కు చెప్పండి. మార్చిన 6–8 వారాలకు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ డోసు సరిపోతోందో చెప్పే రక్తపరీక్ష) మళ్లీ చేయించుకోవాలి.

ఎడంతో పని జరగని పండు ఒకటుంది, గ్రేప్‌ఫ్రూట్. పేరు చూసి ద్రాక్ష అనుకోకండి, ఇది పంపరపనసకు చుట్టం. 1989లో కెనడా పరిశోధకులు ఫెలోడిపిన్ అనే బీపీ మందు మీద మద్యం ప్రభావం చూస్తూ, మద్యం రుచి తెలియకుండా ఈ రసం కలిపారు. రక్తంలో మందు అనుకున్నదానికన్నా బాగా పెరిగింది. పేగు గోడలో మందును విరగ్గొట్టే ఎంజైమ్‌ను ఈ రసం పనిచేయకుండా చేస్తుందని తర్వాత తేలింది. పేగు ఆ ఎంజైమ్‌ను కొత్తగా తయారుచేసుకోవడానికి ఒక రోజు పైనే పడుతుంది. అందుకే పొద్దున రసం తాగి రాత్రి మాత్ర వేసుకున్నా లాభం లేదు. కొలెస్ట్రాల్‌కు సిమ్వాస్టాటిన్ వాడేవారు ఈ పండు మానేయడమే దారి. పంపరపనస విషయం కూడా డాక్టర్‌నో ఫార్మసిస్టునో అడగండి.

ఇక మీ పని. కాగితం మీద గంటల గీత గీసి, నిన్న మీరు మాత్రలు వేసుకున్న వేళలు, తిన్నవీ తాగినవీ ఉన్నవి ఉన్నట్టు రాయండి. దగ్గర దగ్గరగా పడినవాటికి సున్నా చుట్టండి. ఆ కాగితాన్నే డాక్టర్‌కో ఫార్మసిస్టుకో చూపించండి. వచ్చే పాఠంలో రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, ఆకుకూరలు.